కారు బెల్టు కీచుమంటే...

పొద్దున్నే కారు స్టార్టు చెయ్యగానే బానెట్టు కిందనుంచి 'కీ...చ్'మని ఒక అరుపు వస్తుంది. పిల్లి తోక తొక్కినట్టు. రెండు నిమిషాలు అరిచి ఊరుకుంటుంది. మగవాళ్ళు 'చలికి లెండి' అంటారు, లేకపోతే పాటల సౌండు కాస్త పెంచుతారు. మనం మాత్రం వింటూనే ఉంటాం. మిక్సీ శబ్దం మారితే పక్కగదిలో ఉండి పోల్చుకునే చెవులు కదండీ మనవి! కుక్కరు మూడో విజిల్లో తేడా వస్తే గ్యాస్కెట్టు పోయిందని చెప్పేస్తాం. ఆ చెవులకి కారు అరుపు కూడా అర్థమవుతుంది. కాకపోతే ఎవరూ మనకి చెప్పలేదు, మనమూ అడగలేదు.

కిందటిసారి మిక్సీ జార్ల వాషర్ల గురించి రాశాను. ఈసారి ఇంకాస్త పెద్ద పని చెబుతాను. పాతకాలం చిన్నకార్లలో ఇంజను బెల్టు ఇంటి దగ్గరే మార్చుకోవటం. 'అయ్యో, కారు ఇంజనా! మనకెందుకమ్మా' అనుకుని పేజీ తిప్పెయ్యకండి. కుట్టుమిషను బెల్టు వదులైతే కత్తిరించి, క్లిప్పు పెట్టి మళ్ళీ బిగించినవాళ్ళు మనలో ఎంతమంది లేరు? పిండిమరలో పెద్ద పట్టా తిరగటం చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూడలేదూ? ఇదీ అదే జాతి. ఒక చక్రం తిరుగుతుంది, దాన్ని పట్టుకుని బెల్టు తిరుగుతుంది, బెల్టు ఇంకో చక్రాన్ని తిప్పుతుంది. అంతే సంగతి.

మా ఇంట్లో ఉన్నది పాత మారుతి 800. ఆ కారు 1983లో రోడ్డెక్కింది, 2014లో తయారీ ఆగిపోయింది. అయినా మన ఊళ్ళల్లో ఇంకా చాలా ఇళ్ళ ముందు పట్టా కప్పుకుని కనిపిస్తూనే ఉంటుంది. అందుకని దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. బానెట్టు ఎత్తి ఇంజను పక్కనుంచి చూస్తే నల్లటి రబ్బరు బెల్టు ఒకటి రెండుమూడు చక్రాల్ని చుట్టుకుని కనిపిస్తుంది. ఈ చక్రాల్నే పుల్లీలంటారు. కింద ఉండేది ఇంజనుది. మిగతావాటిలో ఒకటి బ్యాటరీకి చార్జింగు ఇచ్చే ఆల్టర్నేటరుది. మెకానిక్కులు డైనమో అంటారు. ఇంకొకటి నీళ్ళ పంపుది. ఇంజను వేడెక్కకుండా రేడియేటరులోని నీళ్ళని తిప్పుతూ ఉండేది ఆ పంపే. అంటే చూడండి, వేలెడు వెడల్పు కూడా లేని ఆ బెల్టు మీద కరెంటూ, చల్లదనమూ రెండూ ఆధారపడి ఉన్నాయి.

దాన్ని జనం 'ఫ్యాన్ బెల్టు' అంటారు గానీ, 800లో ఫ్యాను బెల్టుతో తిరగదు, దానికి విడిగా కరెంటు మోటారు ఉంటుంది. అంబాసిడర్ల కాలంలో ఆ బెల్టే ఫ్యానుని కూడా తిప్పేది కాబట్టి ఆ పేరు అలా మిగిలిపోయింది. షాపులో ఫ్యాన్ బెల్టు అనే అడగండి, ఇస్తాడు.

ఈ బెల్టుని అడ్డంగా కోస్తే ఆ ముక్క పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. అందుకే వీ బెల్టు అంటారు. దీన్ని 1917లో అమెరికాలో జాన్ గేట్స్ అనే ఆయన తయారుచేశాడు. దాని కిటుకు ఏమిటంటే, బెల్టు పుల్లీ గాడిలో అడుగుకి ఆనదు, రెండు పక్కగోడల మధ్య ఇరుక్కుంటుంది. తలుపు కింద చెక్కముక్క ఇరికిస్తే ఎలా కదలదో అలాగ. బిగువు ఉన్నంతకాలం జారదు. పక్కలు అరిగి, బెల్టు సన్నబడి గాడి అడుగుకి దిగిపోయిందంటే ఇక ఇరుకు లేదు, జారుతుంది. జారినప్పుడే కీచుమంటుంది. పొద్దున మంచు తడిలోనూ, రాత్రి హెడ్‌లైట్లు వేసినప్పుడూ ఎక్కువ అరుస్తుంది. లైట్లు వేస్తే డైనమో బరువెక్కుతుంది, ఆ బరువు లాగలేక బెల్టు జారుతుంది. ఇలా ఎప్పుడెప్పుడు అరుస్తోందో మీరు గుర్తుపెట్టుకుని మెకానిక్కుకి చెప్పారనుకోండి, సగం రోగం అక్కడే తేలిపోతుంది.

మా ఇంట్లో ఈ సంగతి నేర్చుకోవాల్సిన అవసరం ఎలా వచ్చిందో చెబుతాను. మా అత్తయ్యగారికి అప్పట్లో వారానికి రెండుసార్లు డయాలసిస్. తాడేపల్లిగూడెం నుంచి భీమవరం తీసుకెళ్ళి తీసుకురావాలి. బస్సులో కూర్చోబెట్టే పరిస్థితి కాదు. కారు నడిస్తేనే ఆవిడకి మందు, అంతే. రెండు వారాలుగా పొద్దున్నే ఆ అరుపు వింటూ మావారితో చెబుతూనే ఉన్నాను, 'ఈ ఆదివారం చూపిద్దాం' అంటూనే ఉన్నారు. ఒకరోజు సాయంత్రం తిరుగు ప్రయాణంలో, చేపల చెరువుల మధ్య రోడ్డు మీద, స్టీరింగు వెనకాల ఎర్రలైటు వెలిగింది. బ్యాటరీ బొమ్మ ఉంటుందే, అది. మావారు 'బ్యాటరీ ఏదో అయ్యుంటుంది, ఇంటికెళ్ళి చూద్దాంలే' అన్నారు. ఇంకా పాతిక కిలోమీటర్లు ఉంది. నేను ఆపమన్నాను. అరుస్తూ వచ్చింది ఒక్కసారిగా అరవటం మానేసిందండీ, నాకు భయం వేసింది. ఆయన విసుక్కుంటూ ఆపి బానెట్టు ఎత్తితే బెల్టు లేదు. దారాలు మాత్రం నల్ల జడకుచ్చుల్లా వేలాడుతున్నాయి.

ఆ లైటు వెలిగాక 'ఇంకాస్త దూరమేగా' అని లాగిస్తే ఏమవుతుందో తర్వాత మెకానిక్కు చెప్పాడు. నీళ్ళ పంపు ఆగిపోయింది కాబట్టి కొన్ని నిమిషాల్లోనే ఇంజను ఉడికిపోతుంది. హెడ్ గ్యాస్కెట్టు కాలుతుంది, ఒక్కోసారి ఇంజను తలకాయే వంకరపోతుంది. కొన్ని వందల రూపాయల బెల్టుతో పోవాల్సింది వేలల్లోకి వెళుతుంది. ఆ పూట మా నష్టం గంటన్నర. అత్తయ్యగారు వెనకసీట్లో నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నారు, ఒక్కమాట అనలేదు. చివరికి చేపల ట్రేలు దింపి వస్తున్న ఆటో ఒకటి ఆగింది. నీచు వాసనలో ఆవిణ్ణి ఇంటికి చేర్చాం. కారు మర్నాడు తాడు కట్టి లాక్కొచ్చారు.

కాబట్టి అక్కయ్యలూ, బండి నడిపేది ఎవరైనా సరే, బ్యాటరీ బొమ్మ లైటూ, వేడి చూపించే ముల్లూ ఎక్కడుంటాయో మీరు తెలుసుకుని ఉండండి. ఆ లైటు వెలిగి ముల్లు పైకి పోతుంటే పక్కకి తీసి ఇంజను ఆపించెయ్యండి. వేడిగా ఉండగా రేడియేటరు మూత మాత్రం తిప్పనివ్వకండి. కుక్కరు మూత ఆవిరి పోకుండా తీస్తే ఎలా ఉంటుందో మనకి చెప్పాలా? అదీ అంతే, ముఖం కాలిపోతుంది.

తెగేదాకా ఆగకుండా ముందే చూసుకోవటం ఎలాగంటే, ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు తాళంచెవి తీసేసి, బెల్టుని వేళ్ళతో కాస్త మెలిపెట్టి లోపలివైపు చూడండి. అడ్డంగా పగుళ్ళు కనిపిస్తున్నాయా? అంచుల్లో దారాలు లేచాయా? పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయా? ఈ మూడింట్లో ఏది ఉన్నా మార్చాల్సిందే. కారు ఎక్కువ తిరగలేదు కదా అనుకోకండి. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. అటకమీద పెట్టిన కుక్కరు గ్యాస్కెట్టు రెండేళ్ళ తర్వాత తీస్తే ఎలా ఉంటుంది? అదే కథ.

అరుపు ఆగటానికి బెల్టు మీద కొబ్బరినూనో, ఇంజనాయిలో రాసేవాళ్ళున్నారు. మహా పొరపాటండీ. నూనె రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది, పైగా ఇంకా జారుతుంది. సబ్బు, పౌడరు కూడా రెండురోజుల ముచ్చటే.

సరే, మార్చుకునే పనికి వద్దాం. ముందు మన సంగతి. తిరిగే బెల్టుకి చీర అనీ, జడ అనీ తేడా తెలియదు. గ్రైండరు బెల్టులో పైట చిక్కుకుని, జడ చిక్కుకుని ప్రాణాల మీదకి తెచ్చుకున్నవాళ్ళ వార్తలు పేపర్లలో చదువుతూనే ఉంటాం. అందుకని పైట నడుముకి గట్టిగా దోపుకోండి, పంజాబీ డ్రస్సయితే చున్నీ తీసి లోపల పెట్టండి. జడ ముడేసుకోండి. సూత్రాల గొలుసు, నల్లపూసలు జాకెట్టు లోపలికి వేసుకోండి. లోహపు గాజులు, ఉంగరాలు, వాచీ తీసెయ్యండి. బ్యాటరీ దగ్గర గాజు రెండుపక్కలా తగిలిందంటే నిప్పులు లేచి చెయ్యి కాలిపోతుంది. ఇంజను నడుస్తుండగా వేలు పెట్టి 'ఇదిగో ఇదే బెల్టు' అని చూపించటాలు అసలొద్దు. పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టండి.

కొత్త బెల్టు ముందే కొనుక్కోవాలి. బెల్టు వీపు మీద నంబరు ఉంటుంది, అది చదవగలిగితే రాసుకోండి, లేకపోతే కారు ఏ సంవత్సరం మోడలో, ఏసీ ఉందో లేదో చెప్పి స్పేర్‌పార్టుల షాపులో అడగండి. బ్రాండు పేరున్నదే తీసుకోండి, రాళ్ళల్లో అంటగట్టే రోడ్డుపక్క సరుకు వద్దు. 12, 14 నంబరు పానాలు, ఒక గట్టి కర్ర, పాతగుడ్డ, టార్చిలైటు, ఇవీ సామాన్లు. పప్పుగుత్తి వద్దు, విరిగిపోతుంది. సుత్తి పిడి బాగుంటుంది.

కారు సమంగా ఉన్నచోట, నీడలో, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. రాత్రంతా చల్లారిన ఇంజను అయితే మంచిది. తాళంచెవి తీసి మీ దగ్గర పెట్టుకోండి, ఇంట్లో కుర్రాడి చేతికి ఇవ్వకండి. తర్వాత బ్యాటరీ నలుపు వైరు, అంటే మైనస్ గుర్తున్నది, ముందు ఊడదియ్యాలి. కొన్ని కార్లలో తాళం తీసినా రేడియేటరు ఫ్యాను దానంతటది తిరగొచ్చు. వైరు తీసేస్తే ఆ భయం లేదు.

బెల్టు ఎలా చుట్టుకుని ఉందో ఫోనులో ఒక ఫోటో తీసుకోండి. ఇక డైనమోని చూడండి. దానికి ఒకవైపు తలుపు బందు లాంటి బోల్టు ఉంటుంది, దాని మీద డైనమో కాస్త అటూఇటూ ఊగుతుంది. ఇంకోవైపు పొడుగాటి గాడి ఉన్న ఇనప పట్టీ, ఆ గాడిలో ఇంకో బోల్టు. ఈ రెండూ వదులు చెయ్యాలి గానీ పూర్తిగా ఊడదీయక్కర్లేదు. పాతకారు కదా, బోల్టు మొండికేస్తుంది. పానా సరిగ్గా కూర్చోకుండా బలం పెడితే బోల్టు తల గుండ్రమై కూర్చుంటుంది, వేళ్ళ కణుపులు చీరుకుంటాయి. తుప్పు వదిలే ఆయిలు రెండు చుక్కలు బోల్టు మీద వేసి అరగంట కాఫీ తాగి రండి. బెల్టు మీద మాత్రం పడనివ్వకండి.

బోల్టులు వదులయ్యాక డైనమోని ఇంజనువైపు నెడితే బెల్టు సోలిపోతుంది. చేత్తో పుల్లీ మీదనుంచి తప్పించి తీసెయ్యండి. ఏసీ కారయితే దానికి వేరే బెల్టు ఉంటుంది. అది బయటివైపున అడ్డంగా ఉంటే ముందు దాన్ని తియ్యాలి, అక్కడ పని కాస్త పెరుగుతుంది.

పాతది తీశాక వెంటనే కొత్తది ఎక్కించెయ్యకండి. ఇప్పుడు దొరికే ఈ ఐదు నిమిషాలు చాలా విలువైనవి. డైనమో పుల్లీనీ, నీళ్ళ పంపు పుల్లీనీ ఒక్కొక్కటే చేత్తో తిప్పండి. మెత్తగా తిరగాలి. గరగరమన్నా, పట్టుకుని కదిలిస్తే పన్ను ఊగినట్టు ఊగినా లోపల బేరింగు పోయినట్టే. నీళ్ళ పంపు దగ్గర తడి మరక కనిపించినా అంతే. అప్పుడు కొత్త బెల్టు వేసి లాభం లేదు, మెకానిక్కుని పిలవండి. మావాళ్ళ ఇంట్లో ఒకరి కారుకి మూడుసార్లు బెల్టు మార్పించారు, అరుపు పోలేదు. అసలు అరుస్తున్నది బేరింగు. అంతా బాగుంటే పుల్లీ గాడుల్ని పొడిగుడ్డతో తుడవండి. పాత బెల్టునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి వెడల్పు సరిచూడండి. పాతది కాస్త సాగి ఉంటుంది, ఆ పిసరు తేడాకి కంగారుపడక్కర్లేదు.

కొత్త బెల్టు చేత్తోనే ఎక్కాలి. ఎక్కలేదంటే డైనమో ఇంకా లోపలికి రాలేదన్నమాట. స్క్రూడ్రైవరు పెట్టి పెకలిస్తూ ఎక్కించటం చాలా షాపుల్లో చూస్తాం. దానివల్ల బెల్టు లోపలి దారాలు దెబ్బతిని, పైకి కొత్తగా ఉండి నాలుగునెలల్లో తెగుతుంది. అన్ని గాడుల్లోనూ సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి.

ఇక బిగువు. ఈ పనిలో విద్య అంతా ఇక్కడే ఉంది. కర్రని డైనమో గట్టి భాగానికీ ఇంజనుకీ మధ్య పెట్టి, డైనమోని మెల్లగా బయటికి తోస్తూ ఉండాలి. అలా పట్టుకునే గాడిలో బోల్టు బిగించాలి. రెండుచేతులూ చాలవు, పక్కన ఇంకో మనిషి ఉండాలి. డైనమో చుట్టూ గాలిరంధ్రాలున్న పల్చని మూత ఉంటుంది, దాని మీద కర్ర ఆనించకండి, పగులుతుంది. ముందు గాడి బోల్టు, తర్వాత బందు బోల్టు గట్టిగా బిగించి బెల్టు మీద బొటనవేలితో నొక్కండి. రెండు పుల్లీల మధ్య పొడుగాటి భాగంలో, సరిగ్గా మధ్యన, గట్టిగా నొక్కితే సెంటీమీటరు లోపు దిగాలి. అంతకన్నా దిగితే వదులు. కాస్త కూడా దిగకపోతే మరీ బిగువు. కచ్చితమైన కొలత మీ కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, అదే ప్రమాణం.

వదులుకి అందరూ భయపడతారు, బిగువుకి ఎవరూ భయపడరు. అసలు ఎక్కువ చెరుపు బిగువుతోనే. వీణతీగలాగా బిగిస్తే అరుపు ఉండదు, చూసేవాడు మెచ్చుకుంటాడు. కానీ ఆ లాగుడంతా డైనమో బేరింగు మీదా, నీళ్ళ పంపు బేరింగు మీదా పడి అవి పోతాయి. మా కారుకి తెగిన బెల్టు స్థానంలో ఒక షాపులో అలాగే బిగించి ఇచ్చారు. బొటనవేలు ఆనిస్తే ఇనపచువ్వ మీద పెట్టినట్టుంది. మా చిన్నాడూ నేనూ ఇంటికొచ్చాక వదులు చేసి మళ్ళీ సరిచేశాం. మా చేతి మీద మొదట జరిగిన పని అదే. తర్వాత పూర్తిగా మార్చిందీ మేమే. మొదటిసారి రెండు గంటలు పట్టింది. మావారు పేపరు చదువుతున్నట్టు కూర్చుని పేపరు పైనుంచి చూస్తూనే ఉన్నారు.

సామాన్లన్నీ లెక్కపెట్టి ఇంజనులోంచి తీసేశాక నలుపు వైరు తిరిగి బిగించి, దూరంగా నిలబడి స్టార్టు చేయించండి. బ్యాటరీ లైటు ఆరిపోవాలి. హెడ్‌లైట్లు వేసి చూడండి, అరవకూడదు. కొత్త బెల్టు మొదటి రోజుల్లో కాస్త సాగుతుంది. వారం పదిరోజులు తిప్పాక చల్లటి ఇంజను మీద మళ్ళీ బొటనవేలి పరీక్ష చేసి, అవసరమైతే కొంచెం బిగించండి. ఆవకాయ మూడోరోజు కలుపుతామే, అలాగన్నమాట. ఆ రెండోసారి చూడటం చాలామంది మర్చిపోతారు.

మరి కొత్త కార్ల సంగతేమిటని అడుగుతారు. వాటిల్లో చాలావాటికి వెడల్పాటి పట్టీలాంటి బెల్టు ఒకటే పాములా మెలికలు తిరుగుతూ అన్నిటినీ తిప్పుతుంది. బిగువు చూసుకోవటానికి స్ప్రింగు పుల్లీ ఉంటుంది. కొన్నింటి బెల్టులు ఎక్కించటానికి వేరే పరికరం కావాలి. ఆ రబ్బరు కూడా వేరు, అరిగినా పగుళ్ళు కనిపించవు, చారల లోతు చూసి తెలుసుకోవాలి. వాటి జోలికి ఇంట్లో పోవద్దనే నా సలహా. కరెంటు కార్లకైతే ఇంజనే లేదు, ఈ బెల్టూ లేదు.

ఇంకొక్కటి, మరీ ముఖ్యం. ఇంజనులో ఇంకో బెల్టు ఉంటుంది, టైమింగ్ బెల్టు అంటారు. మూత వెనకాల దాగి ఉంటుంది, పళ్ళుంటాయి. 800కి కూడా ఉంది. కొన్ని కార్లలో దాని బదులు గొలుసు ఉంటుంది. అది ఒక్క పన్ను అటూఇటూ అయినా ఇంజను సరిగా నడవదు. చాలా ఇంజన్లలో అది తెగితే లోపలి భాగాలు ఒకదాన్నొకటి కొట్టుకుని ఇంజనే పోతుంది. దాన్ని కంపెనీ పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకి, తెలిసిన మెకానిక్కు చేతే మార్పించండి. పైకి కనిపించే బెల్టు మనది, మూత వెనకాలది వాళ్ళది.

ఆడవాళ్ళకి బండి మరమ్మతులేమిటని ఎవరైనా నవ్వితే బెర్తా బెంజ్ గారి సంగతి చెప్పండి. 1888లో జర్మనీలో, భర్త తయారుచేసిన కారుని ఆయనకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని వంద కిలోమీటర్ల పైగా నడుపుకుంటూ పుట్టింటికి వెళ్ళిందావిడ. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే సూదితో పొడిచి బాగుచేసుకుంది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టే అతని చేత తోలు వేయించింది. అంత దూరం కారులో వెళ్ళిన మొట్టమొదటి మనిషి ఆవిడేనంటారు.

మీ కారుకి బెల్టు మార్చేటప్పుడు రెండు కొనండి. ఒకటి వేసి, రెండోది ప్లాస్టిక్కు సంచిలో చుట్టి డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టండి. మడత పడకుండా, మీద బరువు లేకుండా. దాంతోపాటు ఆ రెండు పానాలూ, సుత్తి పిడీ, టార్చిలైటూ.